సంఘము వెబ్‌సైటులో వార్తలు, వార్తాలేఖల నిర్వహణ

వ్యవసాయాధికారి, బి.ఎస్‌సి. (అగ్రి.)

వ్యవసాయములో అదనుకుగల విలువను రైతులకు వేరుగ చెప్పనక్కరలేదు. అదను తప్పి చల్లిన విత్తనము ఎట్టిదో, అదను తప్పి అందిన వార్తయు అట్టిదే. మొక్కజొన్నను ఆశించు కత్తెర పురుగు 2018లో మన దేశమున మొదటిసారిగా కనిపించినది. ఈ పురుగు చిన్నదశలో ఆకులను గీరి తినుచుండగా మందు చల్లినచో సులభముగ లొంగును. ఎదిగి సుడిలో దూరి, తన విసర్జనతోనే సుడిని కప్పుకొన్న పిదప మందు దానికి తగులుట కష్టము. ఈ రెండు దశలకు నడుమ ఉన్నది కొలదిరోజుల వ్యవధి మాత్రమే. సలహా ఆ కొలదిరోజులలో అందినచో పంట దక్కును. తరువాత అందినచో అది చదువుకొనుటకు మాత్రమే పనికివచ్చును.

ప్రధానమంత్రి ఫసల్ బీమా యోజన అమలులోనున్న చోట్ల వడగండ్లవాన వంటి స్థానిక విపత్తు వలన పంట చెడినయెడల 72 గంటలలోగా సమాచారము ఇవ్వవలెనని నియమము. ఈ సంగతి నాలుగవనాడు తెలిసిన రైతుకు కలుగు ప్రయోజనమేమి?

ఇటీవలి సంవత్సరములలో పెక్కు రైతు ఉత్పత్తిదారుల సంఘములు తమ స్వంత వెబ్‌సైట్లను ఏర్పరచుకొన్నవి. సభ్యులకు, సమీప గ్రామముల ఉద్యోగులకు ఈమెయిలు ద్వారా వార్తాలేఖలు పంపు సంఘములును కలవు. ఇది ఎంతయో మెచ్చదగిన విషయము. కాని వెబ్‌సైటు పెట్టుట వేరు, అందులోని వార్తలను సక్రమముగ నడుపుట వేరు. ప్రారంభోత్సవమునాడు పెట్టిన వార్తయే రెండేండ్ల తరువాతను మొదటి పేజీలో ఉన్నచో చూచినవారు మరల ఆ వైపు రారు. వార్తలను, వార్తాలేఖలను నడుపుటకు గల సాధనములెవ్వి, వానిని ఎట్లు అమర్చుకొనవలెను, ఏ విషయములలో మెలకువ వహింపవలెను అనునవి ఈ వ్యాసములో వివరింపబడినవి.

సి.ఎం.ఎస్. అననేమి?

పూర్వము వెబ్‌సైటులో ఒక్క వాక్యము మార్చవలెనన్నను ప్రోగ్రాములు వ్రాయనేర్చినవారిని పిలువవలసివచ్చెడిది. ఆ ఇబ్బంది తొలగించుటకు వచ్చినదే కంటెంట్ మేనేజ్‌మెంట్ సిస్టమ్. దీనినే పొట్టిగా సి.ఎం.ఎస్. అందురు. వ్రాత అంతయు ఒకచోట గాదెలో ధాన్యమువలె భద్రపరచబడును. పేజీ యొక్క రూపము వేరొకచోట ఉండును. పాఠకుడు పేజీని తెరచినప్పుడు సి.ఎం.ఎస్. ఈ రెంటిని కలిపి చూపును. కాబట్టి ఉత్తరము టైపుచేయగల వారెవరైనను వార్తను ప్రచురింపవచ్చును.

వర్డ్‌ప్రెస్, డ్రూపల్, టైపో3, జూమ్లా అనునవి ఇట్టి వ్యవస్థలలో పేరు పొందినవి. ఇవన్నియు ఉచితముగ లభించును. ఈ వ్యాసములో జూమ్లాను ఉదాహరణగ తీసుకొనుచున్నాము. ఇది 2005లో మాంబో అను వ్యవస్థనుండి విడివడి ఏర్పడినది. అందరును కలిసి అను అర్థమిచ్చు జుమ్లా అను స్వాహిలీ పదమునుండి దీనికి ఆ పేరు వచ్చినది. పాత గ్రామ లెక్కలలో మొత్తమును జుమలా అని వ్రాయుట ఎరిగినవారికి ఈ మాట కొత్తకాదు. రెండును అరబ్బీ మాటనుండి వచ్చినవే.

అనుబంధములు

ట్రాక్టరు ఒక్కటియే. దుక్కికి నాగలి, దమ్ముకు కేజ్‌వీల్సు, విత్తుటకు గొర్రు, తోలకమునకు ట్రక్కు తగిలింతుము. జూమ్లాయు అట్టిదే. మూలవ్యవస్థకు అవసరమునుబట్టి తగిలించుకొను పనిముట్లను ఎక్స్‌టెన్షన్లు అందురు. మనము వానిని అనుబంధములు అందము. వర్డ్‌ప్రెస్‌లో వీనికే ప్లగిన్లనియు, డ్రూపల్‌లో మాడ్యూళ్ళనియు పేరు.

జూమ్లాలోని అనుబంధములలో ముఖ్యమైన రకములు ఇవి:

1. కాంపోనెంటు: పేజీ నడుమనుండి ముఖ్యమైన పని చేయు పెద్ద పనిముట్టు. వార్తాలేఖలను తయారుచేసి పంపునది ఈ రకమునకు చెందును.

2. మాడ్యూలు: పేజీ ప్రక్కల, పైన, క్రింద కనిపించు చిన్న పెట్టె. తాజా వార్తల జాబితా, చందాదారులుగ చేరుటకు పేరు వ్రాయు ఫారము మొదలగునవి మాడ్యూళ్ళు.

3. ప్లగిన్: కంటికి కనబడక, ఒక పని జరిగినప్పుడు దానంతట అదే కదలునది. సభ్యుడు కొత్తగా నమోదైన వెంటనే అతని పేరును ఫలానా జాబితాలో చేర్చుట వంటి పనులు దీనివి.

4. టెంప్లేటు: పేజీకి రంగు, రూపము కల్పించునది.

5. భాష: తెరపై కనబడు బొత్తాములు, సూచనలు మొదలగువాని పేర్లను ఆయా భాషలలో చూపునది.

వార్తాలేఖల అనుబంధమును తెచ్చుకొన్నప్పుడు సాధారణముగ మొదటి మూడు రకములును ఒక మూటగ కట్టబడి వచ్చును. కొని తెచ్చిన పనిముట్టులోని భాగములన్నియు బిగింపనిదే పని సాగదు కదా! అట్లే కాంపోనెంటును అమర్చి, మాడ్యూలును పేజీలో చూపుట మరచినచో చందాదారులుగ చేరగోరువారికి ద్వారమే కనిపించదు.

వార్తల ఏర్పాటు

వార్తలకొరకు వెంటనే ప్రత్యేక అనుబంధము వెదకనక్కరలేదు. చిన్న సంఘమునకు జూమ్లాతో వచ్చు సౌకర్యములే చాలును. ఈ క్రింది పద్ధతిని అనుసరింపవలెను.

మొదట వార్తలను తరగతులుగ విభజించుకొనవలెను. వాతావరణము, చీడపీడలు, విత్తనములు-ఎరువులు, పథకములు-గడువులు, సంఘము సమావేశములు అను అయిదు తరగతులు చాలును. ఇరువది తరగతులు పెట్టినచో వ్రాయువానికే ఏది ఎందులో వేయవలెనో తోచదు.

రెండవది, తేదీలు. జూమ్లాలో ప్రతి వ్యాసమునకు ప్రచురణ ప్రారంభించు సమయము, ముగించు సమయము అను రెండు గడులు ఉన్నవి. ముగింపు గడిని ఖాళీగ వదలినచో ఆ వార్త ఎన్నటికిని తొలగదు. అనేక వెబ్‌సైట్లలో పాత వార్తలు పేరుకొని ఉండుటకు ఇదియే కారణము. ముగింపు సమయము వ్రాసినచో ఆ గడియ రాగానే వార్త పాఠకులకు కనబడకుండ పోవును. అది చెరిగిపోదు, నిర్వాహకుని వద్ద భద్రముగనే ఉండును. మరియు మొదటి పేజీలో ఎంతకాలము ఉండవలెనో వేరుగ నిర్ణయించు సౌకర్యము జూమ్లా 4నుండి ఏర్పడినది. దీనివలన వార్తను మూడురోజులు మొదటి పేజీలో ఉంచి, పిదప దాని తరగతిలో మాత్రము కొనసాగింపవచ్చును.

ఏ వార్తకు ఎంత గడువు ఉంచవలెను? ఈ క్రింది కొలత మేలైనది.

వాతావరణ సూచన: అయిదు రోజులు. వాతావరణ శాఖవారి వ్యవసాయ వాతావరణ సలహా పత్రములు వారమునకు రెండుమార్లు, మంగళ శుక్రవారములందు వెలువడును. కొత్తది రాగానే పాతదానిని తొలగించుట మరియు మంచిది.

చీడపీడల హెచ్చరిక: పది మొదలు పదునైదు రోజులు. అప్పటికిని ఉధృతి తగ్గనిచో పాత వార్తను పొడిగింపక పొలములు చూచి కొత్తది వ్రాయవలెను.

దరఖాస్తు గడువులు: చివరి తేదీనాటి రాత్రి వరకు. గడువు పొడిగింపబడిన సందర్భములో పాత వార్తనే సవరించి, సవరించిన తేదీని పైన చూపవలెను.

సమావేశములు: సమావేశము ముగిసిన గంటవరకు. తీర్మానములను వేరొక వార్తగ వ్రాయవలెను.

మూడవది, గడియారము. జూమ్లాను మొదట అమర్చినప్పుడు దాని కాలమానము సాధారణముగ ప్రపంచ ప్రామాణిక కాలముగ ఉండును. మన కాలము దానికంటె అయిదున్నర గంటలు ముందు. దీనిని సరిచేయనిచో ఉదయము 6 గంటలకు రావలెనని నిర్ణయించిన వార్త పగలు 11-30కు వెలువడును. అప్పటికి రైతు పొలమునకు పోయియుండును. కావున సాధారణ అమరికలలో కాలమానమును కోల్‌కతాగ మార్చుట మరువరాదు.

నాల్గవది, బాధ్యతల విభజన. జూమ్లాలో రచయిత, సంపాదకుడు, ప్రచురణకర్త అను వేర్వేరు తరగతుల వాడుకదారులు ఉందురు. రచయిత వార్తను వ్రాసి సమర్పింపగలడు కాని ప్రచురింపజాలడు. సంపాదకుడు ఇతరులు వ్రాసినదానిని దిద్దగలడు. ప్రచురణకర్త మాత్రమే దానిని వెలికి విడువగలడు. గ్రామములలో తిరుగు సిబ్బందికి రచయిత హోదాయు, సాంకేతిక విషయములు ఎరిగిన ఒకరికి ప్రచురణ హోదాయు ఇవ్వవలెను. మందు పేరు, మోతాదు ఉన్న ఏ వార్తయు రెండవ మనిషి చూడనిదే బయటికి పోరాదు. లీటరు నీటికి 0.4 గ్రాములు అను చోట చుక్క జారి 4 గ్రాములైనచో జరుగు నష్టమును ఊహించుకొనవచ్చును. ఒకే పాస్‌వర్డును నలుగురు వాడుట ఈ ఏర్పాటునంతయు వ్యర్థము చేయును.

అయిదవది, తెలుగు అక్షరములు. అచ్చు పనికి వాడు అను ఫాంట్లతో టైపుచేసిన వ్రాతను తెచ్చి నేరుగ వెబ్‌సైటులో అతికించినచో అర్థములేని గుర్తులు కనబడును. వెబ్‌సైటుకు, ఈమెయిలుకు యూనికోడులో టైపుచేసిన వ్రాతయే పనికివచ్చును. కరపత్రమును ఫోటో తీసి బొమ్మగ పెట్టుటయు సరికాదు. బొమ్మలోని అక్షరములను మాట వెదకువారు కనుగొనలేరు. చూపు లేనివారికి చదివి వినిపించు యంత్రములకును అది అందదు.

వార్తను వ్రాయు తీరు

అనుబంధము ఎంత మంచిదైనను వార్త సరిగా లేనిచో ప్రయోజనము శూన్యము. ఈ రెండు వార్తలను పోల్చి చూడుడు.

“రైతులకు శుభవార్త. రేపు మన కార్యాలయములో విత్తనములు పంపిణీ చేయబడును. అందరును వచ్చి వినియోగించుకొనగలరు.”

ఈ వార్తలో రేపు అనగా ఏనాడు? కార్యాలయము ఏ ఊరిది? ఏ విత్తనము? వెంట ఏమి తేవలెను? ఈమెయిలును పంపిననాడే అందరును తెరువరు. మూడవనాడు తెరచిన రైతు రేపు అను మాట నమ్మి బయలుదేరినచో కూలి పోగొట్టుకొని, బండి చార్జీ పెట్టుకొని తిరిగి వచ్చును.

రెండవ వార్త: “మొక్కజొన్న – కత్తెర పురుగు. మన మండలములోని మెట్ట గ్రామములలో 20 రోజుల పైరుపై చిన్న పురుగులు కనబడుచున్నవి. సుడి ఆకులపై తెల్లని గీరిన మచ్చలు చూడుడు. ఎమామెక్టిన్ బెంజోయేట్ 5 ఎస్.జి. లీటరు నీటికి 0.4 గ్రాముల వంతున కలిపి సుడిలో పడునట్లు సాయంకాలము చల్లవలెను. వ్రాసిన తేది, ఈ సలహా చెల్లు తేది, సంప్రదింపవలసిన అధికారి హోదా క్రింద ఇవ్వబడినవి.”

ఇందులో పంట, పురుగు, ప్రాంతము, గుర్తు, మందు, మోతాదు, గడువు అన్నియు కలవు. రేపు, ఎల్లుండి, వచ్చేవారము అను మాటలకు బదులు తేదీని, వారమును వ్రాయుట ప్రతి వార్తలోను నియమముగ పాటింపవలెను. ఇట్టి గడులన్నియు మరువకుండ నింపుటకు జూమ్లాలో ప్రత్యేక గడులను ముందుగనే ఏర్పరచుకొను వీలున్నది. ప్రాంతము, పంట, చెల్లు తేది అను మూడు గడులను తప్పనిసరిగ నింపవలెనని అమర్చినచో అవి లేని వార్తను వ్యవస్థయే స్వీకరింపదు.

పాత సలహా వలన ప్రమాదము

గడువు తీరిన సమావేశపు వార్త వలన కలుగునది విసుగు మాత్రమే. కాని గడువు తీరిన మందు సలహా వలన ప్రాణములకే ముప్పు రావచ్చును. ఎండోసల్ఫాన్ ఒకప్పుడు ప్రత్తి మొదలగు పంటలపై విరివిగ వాడబడినది. 2011 మే 13వ తేదీన సుప్రీంకోర్టు దాని తయారీని, అమ్మకమును, వాడకమును నిలిపివేసినది. ఫోరేట్, ట్రైజోఫాస్ మందులు 2020 డిసెంబరు 31నుండి నిషేధింపబడినవి. అంతకు పూర్వము వ్రాసిన సలహాలు ఆనాటికి తప్పు కాకపోవచ్చును. కాని అవి వెబ్‌సైటులో అట్లే ఉండి, ఫోనులో పురుగు పేరు వెదకిన రైతుకు ఈనాడు కనబడినచో, అతడు దానిని సంఘము ఇచ్చిన నేటి సలహాగనే భావించును. కాగితముపై అచ్చైన కరపత్రము పసుపుబారి తన వయస్సు తానే చెప్పును. తెరపై వ్రాతకు వయస్సు కనబడదు. దానిని మనమే చూపవలెను.

దీనికి మూడు జాగ్రత్తలు అవసరము. సలహాలన్నిటికిని వ్రాసిన తేదీ కనబడునట్లు అమర్చవలెను. సంవత్సరమునకు రెండుమార్లు, ఖరీఫ్, రబీలకు ముందు, మందుల పేర్లున్న వ్యాసములనన్నిటిని వెదకి తీసి సరిచూడవలెను. పనికిరాని సలహాను తొలగించినప్పుడు దాని పాత చిరునామాను కొత్త సలహాకు మళ్ళింపవలెను. ఈ మళ్ళింపునకు జూమ్లాలోనే సాధనము కలదు. తొలగించిన పేజీని వెదకుచు వచ్చినవాడు ఖాళీ పేజీని కాక సరియైన సలహాను చూచును.

ప్రభుత్వ వెబ్‌సైట్లలోను ఈ పద్ధతి కనబడును. పెక్కు జిల్లాల అధికారిక వెబ్‌సైట్లు జాతీయ సమాచార కేంద్రము రూపొందించిన ఎస్3వాస్ వేదికపై నడచుచున్నవి. వానిలోని ప్రకటనల పట్టికలో ప్రారంభ తేది, ముగింపు తేది అను రెండు గడులు ఉండుట పాఠకులు గమనించియుందురు. సంఘముల వెబ్‌సైట్లకును ఇది ఆదర్శము.

వార్తాలేఖలు

వెబ్‌సైటు ఊరిబయట నూతివంటిది. కావలసినవారు దానియొద్దకు రావలెను. వార్తాలేఖ ఇంటింటికి నీరందించు కుళాయి వంటిది. రెండును అవసరమే. రైతులందరును ఈమెయిలు చూచుకొనువారు కారు. కాని సంఘము డైరెక్టర్లు, గ్రామ ఉద్యోగులు, సహకార సంఘముల కార్యదర్శులు, ఉపాధ్యాయులు, చదువుకొన్న యువ రైతులు చూచుకొందురు. గ్రామమునకు ఇద్దరు చదివి, ఒక ప్రతిని అచ్చుతీసి రైతు సేవా కేంద్రములోనో, రైతు వేదికలోనో, పాలకేంద్రములోనో అంటించినచో ఊరంతటికి చేరును.

కొందరు తమ స్వంత జీమెయిలునుండి అందరి చిరునామాలను వరుసగ చేర్చి ఉత్తరము పంపుచున్నారు. ఇందు రెండు దోషములున్నవి. ఒకరి చిరునామా మిగిలిన వారందరికిని తెలిసిపోవును. మరియు సాధారణ జీమెయిలు ఖాతానుండి రోజునకు 500 మందికి మించి పంపుటకు వీలులేదు. వార్తాలేఖల అనుబంధము ప్రతివారికి వేరుగ ఉత్తరము పంపును. కనుక ఈ దోషములు ఉండవు.

జూమ్లాకు ఇట్టి అనుబంధములలో ఎసీమెయిలింగ్ అనునది ప్రసిద్ధము. దీనికి ఉచితమైన కూర్పును, రుసుము చెల్లింపవలసిన కూర్పులును కలవు. వర్డ్‌ప్రెస్ వాడువారికి మెయిల్‌పొయెట్, డ్రూపల్ వాడువారికి సింపుల్‌న్యూస్ ఉన్నవి. టైపో3లో వార్తలకు న్యూస్, ఉత్తరములకు డైరెక్ట్ మెయిల్ అను అనుబంధములు వాడుకలో ఉన్నవి. పేరు ఏదైనను పనిచేయు తీరు ఇంచుమించు ఒక్కటియే.

జాబితాలు: అందరికి అన్నియు పంపరాదు. వరి రైతుకు మిరప తామరపురుగుల వార్త వారము వారము వచ్చినచో నాల్గవ ఉత్తరమునుండి తెరుచుట మానివేయును. పంటనుబట్టి రెండు మూడు జాబితాలు, ఉద్యోగులకు ఒక జాబితా ఉంచుట మేలు. ఒకే రైతు రెండు జాబితాలలో ఉండవచ్చును.

సమ్మతి: చందాదారునికి మొదట ఒక ఉత్తరము పంపి, అందులోని లింకును నొక్కి చేరుటకు అంగీకారము తెలిపిన పిమ్మటనే జాబితాలో చేర్చుకొనుట ఉత్తమ పద్ధతి. ఇందువలన తప్పు చిరునామాలు, ఇతరుల పేరున వ్రాసిన చిరునామాలు చేరవు. సభ్యత్వపు రిజిస్టరులోని చిరునామాలను వారిని అడుగకయే చేర్చుట తగదు. 2023లో పార్లమెంటు ఆమోదించిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టములోను సమ్మతికి ముఖ్య స్థానము ఇవ్వబడినది. సమ్మతి ఇచ్చుట ఎంత సులభమో, ఉపసంహరించుకొనుటయు అంత సులభముగ ఉండవలెనని ఆ చట్టము చెప్పుచున్నది. కాబట్టి ప్రతి ఉత్తరము చివర వైదొలగుటకు లింకు ఉండవలెను. ఫారములో పేరు, ఈమెయిలు, గ్రామము, పంట అడిగినచో చాలును. ఆధార్ సంఖ్య, బ్యాంకు ఖాతా, సర్వే నంబరు అడుగరాదు. మనవద్ద లేని వివరములు మననుండి పోవు.

పంపుట: వేయిమందికి ఒక్కసారి పంపబోయినచో సర్వరు అద్దెకిచ్చినవారు అనుమతింపకపోవచ్చును. గంటకు ఇన్ని ఉత్తరములని వారు పరిమితి విధింతురు. అనుబంధములో వరుస అను ఏర్పాటు కలదు. గంటకు ఎన్ని పంపవలెనో అందులో వ్రాసినచో విడతలు విడతలుగ పోవును. అత్యవసర హెచ్చరిక అయినచో ఆ లెక్క ముందుగ వేసుకొనవలెను. గంటకు 100 వంతున 1,000 మందికి పంపుటకు పదిగంటలు పట్టును కదా! ఉదయము అందవలసినది ముందురోజు రాత్రియే ప్రారంభింపవలెను.

గుర్తింపు: మన పేరు పెట్టుకొని ఎవరైనను దొంగ ఉత్తరములు పంపవచ్చును. అందుచేత ఉత్తరము అందుకొను సంస్థలు మూడు ఆధారములు చూచును. మన పేరున ఉత్తరములు పంపుటకు ఏ సర్వర్లకు అధికారము కలదో తెలుపు జాబితా మొదటిది, దీనిని ఎస్.పి.ఎఫ్. అందురు. ఉత్తరముపై వేయు సీలువంటిది రెండవది. దీని పేరు డి.కె.ఐ.ఎం. ఈ పరీక్షలలో తప్పిన ఉత్తరమును ఏమి చేయవలెనో చెప్పు ఆదేశము మూడవది. దీని పేరు డి.ఎం.ఎ.ఆర్.సి. రోజునకు 5,000కు మించి జీమెయిలు చిరునామాలకు పంపువారికి ఈ మూడింటిని, ఒక్క నొక్కుతో వైదొలగు సౌకర్యమును 2024 ఫిబ్రవరినుండి గూగుల్ తప్పనిసరి చేసినది. చిన్న సంఘములును వీనిని అమర్చుకొనుటయే మంచిది. లేనియెడల మన ఉత్తరము స్పాము పెట్టెలో పడి, రైతు చూడకయే పోవచ్చును. ఈ అమరికను సర్వరు అద్దెకిచ్చినవారి సహాయముతో ఒక్కసారి చేసుకొన్నచో చాలును. సర్వరు మార్చినప్పుడు మాత్రము మరల సరిచూడవలెను.

తిరుగు టపా: చిరునామా లేక తిరిగివచ్చిన ఉత్తరములను లెక్కించి, పనికిరాని చిరునామాలను తొలగింపవలెను. తొలగింపక మరల మరల పంపుచున్నచో మన సర్వరు పేరు చెడును. ఎందరు తెరచిరి అను లెక్కను అనుబంధము చూపునుగాని దానిని పూర్తిగ నమ్మరాదు. బొమ్మలను ముందుగనే దింపుకొను ఈమెయిలు సాధనములు తెరువనిదానిని తెరచినట్లుగ చూపును. ఊరిలో అడిగి తెలుసుకొను లెక్కయే నమ్మదగినది.

పంపినది వెనుకకు రాదు

వెబ్‌సైటుకు, వార్తాలేఖకు ఒక ముఖ్యమైన భేదము కలదు. వెబ్‌సైటులో తప్పు దొర్లినచో నిమిషములో దిద్దవచ్చును. పంపిన ఉత్తరమును దిద్దుటకు వీలులేదు. విల్లు విడిచిన బాణము వంటిది. కావున ఉత్తరములో వార్త సారాంశమును నాలుగైదు పంక్తులలో వ్రాసి, మందు, మోతాదు వంటి వివరములను వెబ్‌సైటులోని పేజీలో ఉంచి, దానికి లింకు ఇచ్చుట మేలు. సలహా మారినప్పుడు పేజీని సవరించినచో, పాత ఉత్తరమునుండి వచ్చినవాడును కొత్త సలహానే చూచును. అచ్చుతీసి అంటించు ప్రతిలో మాత్రము వివరములు, చెల్లు తేది పూర్తిగ ఉండవలెను.

పంపుటకు ముందు పరీక్షా ఉత్తరమును ఇద్దరు ముగ్గురికి పంపి, చిన్న ఫోనులో తెరచి చూడవలెను. అంతకును మించి తప్పు పోయినచో దాచరాదు. అదే జాబితాకు, సవరణ అను మాట శీర్షికలో మొదట వచ్చునట్లు, వెంటనే మరియొక ఉత్తరము పంపవలెను. ఉత్తరము పొడవు విషయమునను మితము పాటింపవలెను. 102 కిలోబైట్లకు మించిన ఉత్తరమును జీమెయిలు నడుమ కత్తిరించి చూపును. వైదొలగు లింకును, కడపటి వార్తలును ఆ కత్తిరింపులో మరుగుపడును.

అనుబంధమును ఎంచుకొనుట, కాపాడుకొనుట

పనిముట్టు కొనునపుడు రంగుచూచి కొనము. విడిభాగములు దొరకునా, బాగుచేయువారు ఉన్నారా అని విచారింతుము. అనుబంధమునకును ఇదే పరీక్ష. మనము వాడుచున్న జూమ్లా కూర్పునకు సరిపోవునా? ఇటీవల నవీకరింపబడినదా? తెలుగు అక్షరములు శీర్షికలోను, ఉత్తరములోను సరిగ వచ్చునా? చందాదారుల జాబితాను బయటికి తీసుకొని వేరొక వ్యవస్థకు మార్చుకొనవచ్చునా? వీనిలో దేనికైనను కాదు అను జవాబు వచ్చినచో దానిని వదలుటయే మంచిది. అనుబంధములను జూమ్లా వారి అధికారిక జాబితానుండిగాని, తయారుచేసినవారి స్వంత వెబ్‌సైటునుండిగాని మాత్రమే తీసుకొనవలెను. రుసుముగల అనుబంధమును ఉచితముగ ఇత్తుమను అజ్ఞాత వెబ్‌సైట్ల జోలికి పోరాదు. కల్తీ విత్తనమువలె అందులో ఏమి కలిపిరో మొలచినగాని తెలియదు.

అనుబంధము మన వెబ్‌సైటు లోపల కూర్చుండి పనిచేయును. దానిలో లోపమున్నచో దొంగ లోనికి వచ్చి చందాదారుల జాబితాను తీసుకొనిపోవచ్చును. మన పేరున అబద్ధపు ఉత్తరములు పంపవచ్చును. సంఘము పేరు నమ్మి డబ్బు కట్టిన రైతుకు ఎవరు జవాబు చెప్పగలరు? జూమ్లా 3కు మద్దతు 2023 ఆగస్టుతో ముగిసినది. ఇంకను దానినే వాడుచున్న సంఘములు వెంటనే కొత్త కూర్పునకు మారవలెను. లోపములు బయటపడిన అనుబంధముల పట్టికను జూమ్లా సమాజము ప్రకటించుచున్నది. దానిని అప్పుడప్పుడు చూచుచుండవలెను. వాడని అనుబంధమును నిలిపివేయుటతో తృప్తిపడక తొలగింపవలెను. నవీకరించుటకు ముందు వెబ్‌సైటు ప్రతిని తీసి, సర్వరులో కాక వేరొకచోట దాచవలెను.

వారపు పని క్రమము

సోమవారము: గ్రామముల సిబ్బంది పొలములు చూచి వార్తలను రచయితలుగ సమర్పింపవలెను.

మంగళవారము: వాతావరణ సలహా పత్రము రాగానే పాతదానిని తొలగించి కొత్త వార్త వ్రాయవలెను. ప్రచురణకర్త అన్నిటిని సరిచూచి విడువవలెను. సాయంకాలము పరీక్షా ఉత్తరము, రాత్రి వార్తాలేఖ.

బుధవారము: తిరిగివచ్చిన ఉత్తరములను, చందాదారుల ప్రశ్నలను చూడవలెను. గ్రామములలో ప్రతి అంటింపబడినదో లేదో విచారింపవలెను.

శుక్రవారము: రెండవ వాతావరణ సలహాను వెబ్‌సైటులో పెట్టవలెను. అత్యవసరమైననే ఉత్తరము పంపవలెను.

శనివారము: నవీకరణలు, ప్రతి తీయుట, వచ్చే వారములో గడువు తీరు వార్తల పట్టిక.

ఈ పనులకు వారమునకు నాలుగైదు గంటలకు మించి పట్టవు. ఒక్కరికే అప్పగింపక ఇద్దరికి నేర్పవలెను. ఒకరు సెలవు పెట్టినప్పుడు పురుగు సెలవు పెట్టదు.

కనుక ఖర్చు ఎంత, సొగసు ఎంత అని చూచుటకు ముందు ఈ మూడు ప్రశ్నలు వేసుకొనవలెను: వార్త అదనుకు అందుచున్నదా? కోరినవారికే అందుచున్నదా? కాలము తీరగానే తొలగుచున్నదా? ఈ మూడింటికిని అవును అని చెప్పగలిగిన సంఘము వెబ్‌సైటు ఎంత చిన్నదైనను రైతుకు ఉపకారి. గ్రామ ఉద్యోగులును, సంఘముల కార్యవర్గములును తమ వెబ్‌సైట్లను ఈ వారములోనే తెరచి, మొదటి పేజీలోని ప్రతి వార్తకు ముగింపు తేదీ కలదో లేదో పరిశీలించి, లేనివానికి వెంటనే వ్రాయగలరని ఆశింపబడుచున్నది.